ఒకే మేడి చెట్టు, ఒకే కాపు: ఒక ఫొటో అసైన్‌మెంట్ కేస్ స్టడీ

ఒక మ్యూజియం వాళ్లు ఉష్ణమండల అడవుల మీద కొత్త గ్యాలరీ పెడుతూ, ఒక గోడకు ఫొటోలు కావాలని నన్ను అడిగారు. పంపిన జాబితా ఎప్పుడూ వచ్చే రకమే: హార్న్‌బిల్ (పెద్ద ముక్కు పక్షి) ఒకటి, గబ్బిలం ఒకటి, పునుగు పిల్లి, కోతుల గుంపు, "అందమైన అడవి పువ్వు", "పెద్ద చెట్టు". ఏది ఎక్కడ తీసిందైనా సరే, చూడ్డానికి బాగుంటే చాలన్నారు. ఈ వృత్తిలో చాలామందికి బతుకంతా ఇలాంటి జాబితాలు నింపడంతోనే సరిపోతుంది. నాకూ చాలా ఏళ్లు అలాగే గడిచాయి.

ఈసారి జాబితా పక్కన పెట్టి వేరే ప్రతిపాదన పంపాను. మీరడిగిన జంతువుల్లో చాలావరకు ఒకే చెట్టుకు తిండికి వస్తాయి, ఆ చెట్టు మేడి. పిందె నుంచి రాలిన పండు దాకా ఒక కాపు మొత్తం అదే చెట్టు మీద తీసిస్తాను. అయితే కథలో ముఖ్యపాత్ర మీ జాబితాలో లేని ఒక రెండు మిల్లీమీటర్ల కందిరీగది. వాళ్ల డిజైనర్‌కి ఇది అస్సలు నచ్చలేదు. అంత చిన్న పురుగును గోడంత చేసి పెడితే పిల్లలు జడుసుకుంటారన్నాడు. క్యూరేటర్ పట్టుబట్టి ఒప్పించింది.

ఆ పని ఎలా జరిగింది, ఎక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాను, చివరికి ఆ ఫొటోలు ఏమయ్యాయి అన్నదే ఈ కేస్. ఈ రంగంలోకి వద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ కెమెరా, ఏ లెన్స్ అని. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఏ మొక్క దగ్గర నిలబడాలి అన్నది.

చెట్టును ఎంచుకోవడం

ఇంత జీవవైవిధ్యం ఉన్న అడవిలో ఎటు చూసినా ఏదో ఒకటి దొరకాలి కదా అని కొత్తవాళ్లు అనుకుంటారు. దిగాక తెలుస్తుంది అసలు సంగతి. జాతులు ఎక్కువైన కొద్దీ ఒక్కో జాతి పలచబడుతుంది. పనామాలోని బారో కొలరాడో దీవి మీద 50 హెక్టార్ల పరిశోధన క్షేత్రం ఉంది, అందులో సుమారు 300 జాతుల చెట్లున్నాయి. ఈక్వడార్‌లోని యసునిలోనైతే 25 హెక్టార్లలోనే 1,100కు పైగా లెక్క తేలాయి. ఒక చెట్టు పువ్వు ఫొటో తీశాక దాని కాయ కూడా కావాలంటే, అదే జాతి చెట్టు ఇంకొకటి ఎక్కడుందో వెతకడానికే రోజులు పోతాయి. జంతువుల సంగతి చెప్పక్కర్లేదు. పొద్దంతా నడిచినా అరుపులు వినిపిస్తాయి తప్ప అరిచేది కనిపించదు.

కాబట్టి జంతువుల వెనక తిరగడం మాని, అవి తప్పకుండా వచ్చే చోట కూర్చోవాలి. మర్రి, రావి, జువ్వి, మేడి అన్నీ ఫైకస్ ప్రజాతివే. ఇందులో 750కి పైగా జాతులున్నాయి. వీటి పండ్లు తినే పక్షులు, క్షీరదాలు కలిపి 1,200 జాతులకు పైనే నమోదయ్యాయి. ఇంత గిరాకీ ఉన్న పండు అడవిలో అరుదు. పైగా వీటికి ఫలానా నెలలోనే కాయాలన్న లెక్క లేదు. దానికి కారణం కందిరీగే. ఈ చెట్లలో పరాగసంపర్కం చేసే కందిరీగ పెద్దదయ్యాక బతికేది ఒకటి రెండు రోజులు, అంతే. ఆ కాస్త వ్యవధిలో తన జాతికి తగిన చెట్టు మీద లేత కాయ దొరక్కపోతే దాని వంశం అక్కడితో సరి. అందుకే ఒకే అడవిలో ఒక చెట్టు పిందె మీద ఉంటే ఇంకొకటి పండి రాలుతూ ఉంటుంది. మిగతా పండ్లేవీ లేని రోజుల్లో కూడా ఎక్కడో ఒక ఫైకస్ చెట్టు పండ్లతో ఉంటుంది, జంతువులకు ఆ సంగతి బాగా తెలుసు.

ఒకే చెట్టు మీది కాపు మాత్రం సాధారణంగా మొత్తం కలిసికట్టుగా ముదురుతుంది. ఫొటోగ్రాఫర్‌కి ఇది వరమూ, తలనొప్పీ. ఏ దశ నడుస్తోందో తెలిస్తే వందల కాయల మీద అదే పని జరుగుతూ ఉంటుంది, కావలసినన్ని అవకాశాలు. ఆ దశ దాటిపోయిందా, మళ్లీ కాపు వచ్చేదాకా ఎదురుచూడాల్సిందే.

ఫైకస్‌లలో మేడినే ఎందుకు ఎంచుకున్నానంటే, కాయలు చేతికందే ఎత్తులో ఉంటాయి కాబట్టి. దీని శాస్త్రీయ నామం ఫైకస్ రేసిమోసా. అత్తి అనీ అంటారు. కాయలు మొదలు మీద, లావు కొమ్మల మీద గుత్తులుగా కాస్తాయి. మర్రి లాంటి వాటి కాయలు చిటారు కొమ్మల్లో ఉంటాయి. అంత ఎత్తున మాక్రో ఫొటో, అంటే చిన్నవాటిని బాగా దగ్గరగా పెద్దగా చూపే ఫొటో తీయాలంటే తాడు కట్టుకుని ఎక్కాలి, గాలికి ఊగే కొమ్మతో పోరాడాలి. మేడి దగ్గర ట్రైపాడ్ నేల మీదే నిలుస్తుంది. వాగు ఒడ్డున, మొదలు కాస్త వంగి, రెండు వైపుల నుంచీ దగ్గరికి వెళ్లగలిగేలా ఉన్న చెట్టును ఖాయం చేశాను. కొంత దూరంలో అదే జాతి చెట్టు ఇంకొకటి కూడా చూసి పెట్టుకున్నాను. ఏదైనా దశ మొదటి చెట్టు మీద దొరక్కపోతే రెండో దాని మీద తీసి, క్యాప్షన్‌లో ఆ మాట రాయాలని మ్యూజియంతో ముందే ఒప్పందం.

కాయ లోపలి క్యాలెండర్

మేడి పండు పైకి ఎంత బాగున్నా పొట్ట విప్పితే పురుగులుంటాయని మనవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ పురుగులు ఎప్పుడు, ఎందుకు అక్కడున్నాయో తెలిస్తే మాత్రం షూటింగ్ షెడ్యూల్ దానంతటదే తయారవుతుంది.

మనం కాయ అనేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూల గుత్తి. వందలు, వేలల్లో చిన్న చిన్న పూలు బోలు గోడకు లోపలి వైపు పూస్తాయి. కొనన పొలుసులతో మూసుకున్న సన్నని రంధ్రం ఒకటే దారి. ఈ కాయ జీవితాన్ని ఐదు దశలుగా విభజించింది ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు గలీల్, ఐసికోవిచ్. 1960ల నాటి ఆ విభజననే ఇప్పటికీ అందరూ వాడతారు, నేనూ నా ఫీల్డ్ నోట్‌బుక్‌లో ఎ నుంచి ఇ దాకా అలాగే గుర్తులు పెట్టుకున్నాను. ఎ దశలో పిందె, లోపల పూలు ఇంకా సిద్ధం కావు. బి దశలో ఆడ పూలు సిద్ధమై కాయ వాసన వదులుతుంది, కొనన పొలుసులు కాస్త వదులవుతాయి, పుప్పొడి మోసుకొచ్చిన ఆడ కందిరీగ లోపలికి దూరుతుంది. కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, కొన్నింటికి పుప్పొడి అంటిస్తుంది, లోపలే చచ్చిపోతుంది. సి దశ అన్నింటికన్నా పొడుగు. పైకి ఏమీ జరుగుతున్నట్టు ఉండదు, లోపల ఒకపక్క విత్తనాలు, ఒకపక్క పిల్ల కందిరీగలు పెరుగుతుంటాయి. డి దశలో రెక్కల్లేని మగవి తాము పెరిగిన పూల గూళ్లలోంచి ముందు బయటపడి, ఇంకా గూళ్లలోనే ఉన్న ఆడవాటితో జతకడతాయి. అప్పటికి మగ పూలు విచ్చుకుంటాయి, మగవి గోడకు కన్నం పెడతాయి, ఆడవి పుప్పొడి నింపుకుని ఆ కన్నంలోంచి ఎగిరిపోతాయి. ఆ తర్వాతే ఇ దశ. కాయ మెత్తబడి ఎర్రబారి తియ్యబడుతుంది, హార్న్‌బిల్ వచ్చేది అప్పుడు.

అంటే మ్యూజియం జాబితాలోని జంతువులన్నీ చివరి దశకే పరిమితం. అవి తినే పండు అంతకుముందే రెండు మిల్లీమీటర్ల పురుగు పని ముగించి వదిలేసినది. నేను గోడ మీద చూపించాలనుకున్నది ఈ వరసనే.

బి దశ: రెక్కలు తెగే చోటు

ఎ, బి దశల కాయలు పైకి దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా కనిపెట్టడానికి నేను చూసేది కాయ కొనను. పది రెట్ల భూతద్దం పెట్టి చూస్తే, పొలుసుల మధ్య పారదర్శకమైన చిన్న రేకులు ఇరుక్కుని కనిపిస్తాయి. అవి కందిరీగ రెక్కలు. దారి ఎంత ఇరుకంటే లోపలికి దూరేటప్పుడు రెక్కలు తెగి బయటే ఉండిపోతాయి, మీసాల కొసలు కూడా విరుగుతాయి. ఒక గుత్తిలో రెండు మూడు కాయలకు రెక్కలు అతుక్కుని ఉంటే మిగతా కాయల మీద అదే పని ఆ రోజో మర్నాడో జరుగుతుందని ధైర్యంగా మకాం వేయొచ్చు.

మేడి మీద ఈ పని చేసే కందిరీగ సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్. దీని ఆడది నల్లగా, తల చప్పిడిగా ఉంటుంది. దవడల కింద వెనక్కి తిరిగిన పళ్ల వరసలున్న పలక లాంటి భాగం ఉంటుంది. ముందుకు తోసుకుంటే జారుతుంది, వెనక్కి లాగితే పట్టేస్తుంది. ఒకసారి తల దూర్చాక తిరుగు ప్రయాణం లేదన్నమాట.

ఇప్పుడు లెక్క. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ (కెమెరాలో బొమ్మ పడే పలక) వెడల్పు 36 మిల్లీమీటర్లు. మామూలు మాక్రో లెన్స్‌తో అసలు సైజులో, అంటే ఒకటికి ఒకటి నిష్పత్తిలో తీస్తే, రెండు మిల్లీమీటర్ల కందిరీగ ఫ్రేమ్‌లో 18వ వంతు. గోడకు పనికిరాదు. ఐదు రెట్లు పెంచితే ఫ్రేమ్ వెడల్పులో పావు వంతు దాటి వస్తుంది, కానీ లెన్స్ కంతను ఎఫ్ 2.8 దగ్గర (ఈ అంకె పెరిగితే కంత చిన్నదవుతుంది) పెట్టినప్పుడు ఫోకస్‌లో ఉండే మందం మిల్లీమీటరులో వందకు నాలుగు వంతులు. ప్రాణం ఉండి కాళ్లు ఆడిస్తున్న పురుగు మీద అది జరిగే పని కాదు. చివరికి మూడు రెట్లు, ఎఫ్ 5.6 దగ్గర ఆగాను. ఫోకస్ మందం సుమారు 0.15 మిల్లీమీటర్లు వస్తుంది. అంకె ఇంకా పెంచితే మందం పెరుగుతుంది గానీ, ఆ మాగ్నిఫికేషన్‌లో కాంతి వివర్తనం వల్ల, అంటే చిన్న కంతలోంచి పోయే కాంతి చెదరడం వల్ల, బొమ్మ మొత్తం మొద్దుబారుతుంది.

0.15 మిల్లీమీటర్లతో పని గడవడానికి ఒక వెసులుబాటు ఉంది. కాయ కొన దాదాపు చదును. దూరడానికి వచ్చిన కందిరీగ ఆ చదును మీద పొట్ట ఆనించి పడుకున్నట్టే ఉంటుంది. సెన్సార్‌ను ఆ తలానికి సమాంతరంగా నిలిపితే తల, వీపు, ఒక రెక్క ఒకేసారి ఫోకస్‌లోకి వస్తాయి. కోణం కాస్త తప్పినా మీసం ఒక్కటే పదునుగా వచ్చి మిగతాదంతా మసక. కెమెరాను ముందుకీ వెనక్కీ జరిపే పట్టా బిగించి, కాయ కాడకి పక్కనే పాతిన ఊతకర్రను మెత్తటి క్లిప్పుతో తగిలించి, ఊగకుండా చేసి కూర్చోవడమే. దట్టమైన అడవిలో నేల దాకా దిగే వెలుతురు పైన పడేదాంట్లో ఒకటి రెండు శాతం. వాగు ఒడ్డున కాస్త మేలే అయినా ఫ్లాష్ లేకుండా ఈ పని లేదు. రెండు చిన్న ఫ్లాష్‌లు, వాటి ముందు కాయకు దాదాపు తగిలేంత దగ్గరగా పాల రంగు ప్లాస్టిక్ షీటు. నల్లటి నిగనిగలాడే పురుగు మీద ఫ్లాష్ నేరుగా పడితే తెల్లటి చుక్కలు తప్ప ఏమీ మిగలవు.

పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి తీసే పద్ధతి ఒకటుంది. నేను చేయను. నీతి మాట అటుంచండి, చల్లబడిన పురుగు కాళ్లు ముడుచుకునే తీరు తెలిసినవాళ్లు ఫొటో చూడగానే పట్టేస్తారు. బొమ్మలో అన్నీ ఉంటాయి, పని మాత్రం ఉండదు.

గోడ మీద ఇప్పుడు కనిపించే ఫొటోలో కందిరీగ సగం లోపలికి పోయింది. వెనక కాళ్లు రెండూ పొలుసు అంచు మీద ఆనించి ఉన్నాయి. ఎడమ రెక్క మొదట్లో చిరిగి, పొలుసుకి అతుక్కుని పైకి లేచింది. కుడి రెక్క ఇంకా ఒంటికే ఉంది గానీ మధ్యలో మడత పడింది. పక్కనే అంతకుముందు దూరిన ఇంకో కందిరీగ తాలూకు రెక్క ఒకటి ఎండి ముడుచుకుపోయి ఉంది. డిజైనర్ చివరికి మెచ్చుకున్నది ఆ ఎండిన రెక్కనే.

కోసిన కాయ చెప్పే అబద్ధం

డి దశ ఫొటోలు తీయడం పైకి తేలిక. కాయను నిలువుగా కోసి, కారే పాలను తడి గుడ్డతో అద్ది, గుజ్జు గోధుమ రంగుకు తిరిగేలోపు క్లిక్ చేస్తే లోపలి లోకమంతా ఒకే ఫ్రేమ్‌లో కనిపిస్తుంది. అందరూ తీసేది ఇదే.

ఇక్కడ తిరకాసు ఉంది. రావి కాయల మీద గలీల్ బృందం 1970ల్లో చేసిన పరిశీలనల్లో తేలిందేమిటంటే, ఈ దశలో మూసుకుని ఉన్న కాయ లోపల కార్బన్ డయాక్సైడ్ చాలా ఎక్కువగా, పది శాతం దాకా ఉంటుంది. ఆ గాలిలో మగవి చురుగ్గా ఉంటాయి, ఆడవి కదలకుండా ఉంటాయి. మగవి కన్నం పెట్టి బయటి గాలి లోపలికి రాగానే సీను తిరగబడుతుంది. ఆడవి లేచి పని మొదలుపెడతాయి, మగవి నెమ్మదిస్తాయి. మనం చాకుతో కోయగానే ఏం చేసినట్టు? మగవి పెట్టాల్సిన కన్నం మనమే పెట్టినట్టు. కోసిన కాయలో కనిపించే హడావుడిని "మూసిన కాయ లోపల ఇలా జరుగుతుంది" అని రాస్తే అది తప్పు సమాచారం.

దీంతో డి దశను రెండు రకాలుగా తీశాను. కోసిన కాయ ఫొటో ఒకటి, క్యాప్షన్‌లో "ఫొటో కోసం కోసిన కాయ" అని స్పష్టంగా. రెండోది కోయకుండా, మగవి తొలిచిన కన్నం దగ్గర కాపు కాసి తీసినది. కన్నం బయట మొదట కనిపించేది పసుపు పచ్చటి మగ కందిరీగ తల. అది కొన్నిసార్లు కిందికి జారి పడిపోతుంది. దాని కోసం, వెనకే వచ్చే ఆడవాటి కోసం ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమలు అప్పటికే చుట్టూ చేరి ఉంటాయి. ఎర్ర చీమ నోట్లో నల్లటి ఆడ కందిరీగ, దాని ఛాతీ కింద పుప్పొడి సంచుల ఉబ్బు ఉన్న ఫొటో ఒకటి వచ్చింది. ఆ సంచులు ఉన్నాయి కాబట్టే ఈ కందిరీగ పుప్పొడిని ఏదో ఒంటికి అంటుకుని పోయేలా కాకుండా పనిగట్టుకుని మోస్తుందని చూపించగలిగాం. ఎర్ర చీమల దగ్గర అంతసేపు మోకాళ్ల మీద కూర్చుంటే మనల్నీ వదలవు, అది వేరే సంగతి.

పండాక వచ్చే జనం

ఈ భాగం త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే దీని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. పగటి పూట హార్న్‌బిల్‌లు, కంసాలి పిట్టలు, కోతులు. ఆకుపచ్చ గుడ్డతో కట్టిన మాటులో పొద్దు పొడవక ముందే దూరి, వాటి రాకపోకలు సద్దుమణిగాకే బయటికి రావడం తప్ప ఇందులో పెద్ద విద్య లేదు. కూతలు వినిపించి పిలవడం, అరటి పళ్లు వేలాడదీయడం చేయలేదు. పండ్లతో నిండిన చెట్టు ఉండగా ఎర దేనికి?

నేల మీద రాలిన పండ్లకు వచ్చేవాటి కోసం కెమెరా ట్రాప్‌లు, అంటే జంతువు ముందుకు రాగానే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు పెట్టాను. వీటి సెన్సార్ పనిచేసేది ఒంటి వేడికీ వెనకున్న నేల వేడికీ మధ్య తేడా మీద. ఉష్ణమండల మధ్యాహ్నం ఆ తేడా దాదాపు ఉండదు, జంతువు ముందు నుంచి నడిచిపోయినా కెమెరా మేలుకోదు. కాబట్టి ట్రాప్‌లో పగటి జంతువులు తక్కువ పడితే అక్కడ అవి లేవని రాసేయకూడదు. రాత్రి పునుగు పిల్లి మాత్రం చక్కగా వచ్చింది.

గబ్బిలాలే కష్టం. పండ్లు తినే పొట్టి ముక్కు గబ్బిలం చెట్టు మీద కూర్చుని తినదు. వచ్చి, పండు కరుచుకుని, పక్కనున్న ఇంకో చోటికి పోయి తింటుంది. చెట్టు దగ్గర అది ఉండేది రెప్పపాటు. వచ్చే దారికి అడ్డంగా కంటికి కనిపించని కిరణం పెట్టి, అది తెగగానే షట్టర్ పడేలా అమర్చాను. ఫ్లాష్ పవర్‌ను పదహారో వంతుకు తగ్గిస్తే వెలుగు సెకనులో సుమారు పదివేలవ వంతు మాత్రమే ఉంటుంది, రెక్క నిశ్చలంగా వస్తుంది. ఈ గబ్బిలాలు దారి వెతుక్కునేది కళ్లతో, వాసనతో. కాబట్టి రాత్రంతా ఫ్లాష్ కొడుతూ కూర్చోలేదు. కొంతసేపు తీసి ఆపేయడం, రాకపోకలు తగ్గినట్టు అనిపిస్తే ఆ రాత్రికి సర్దేయడం.

తేమ గురించి ఒక్క మాట. ఉష్ణమండలంలో లెన్స్‌లను చంపేది వాన కంటే బూజు. 40 నుంచి 50 శాతం తేమలో ఉంచే పెట్టె లేదంటే గాలి చొరబడని డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్. ఏసీ గదిలో పడుకున్న కెమెరాను పొద్దున్నే బయటికి తెస్తే అద్దం లోపలా బయటా నీరు పడుతుంది, అది ఆరేలోపు మీరొచ్చిన పని అయిపోతుంది. నేను కెమెరాను ఏసీ గదిలోకే తీసుకెళ్లను.

పేరు లేని ఫొటో

పురుగును అది బతికే మొక్కతో కలిపి చూపాలన్న ఆలోచన పాతదే. చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్ 1699లో దక్షిణ అమెరికాలోని సూరినాం వెళ్లి గొంగళిపురుగులను, సీతాకోకచిలుకలను అవి ఉండే మొక్కల మీదే బొమ్మలు గీసింది. మూడు వందల ఏళ్లు దాటాక కూడా మన ఫొటోల్లో చాలావాటికి పక్కనున్న ఆకు ఏ మొక్కదో తీసినవాడికే తెలియదు. "పచ్చటి ఆకు మీద కప్ప" అని ఫైలు పేరు.

మొక్కను గుర్తించేవాళ్లకి అందమైన పూల ఫొటో ఒక్కటే సరిపోదు. ఆకు పైభాగం, అడుగుభాగం, ఆకు కాడ కొమ్మకు అతుక్కునే చోటు, కాయ మొదట్లో ఉండే చిన్న పొరలు, కొన, బెరడు, గాటు పెడితే పాలు వస్తాయా లేదా, ఇవన్నీ కావాలి. ఈ చెట్టుకు అవన్నీ మొదటి రోజే తీసిపెట్టాను. ఆకుల మీద ఉన్న బుడిపెలు కూడా తీశాను. మేడి ఆకుల మీద ఆ బుడిపెలు పారోప్సిల్లా డిప్రెస్సా అనే చిన్న పురుగు వల్ల వస్తాయి, కందిరీగలకు దానితో సంబంధం లేదు. మ్యూజియం అడగలేదు, కెమెరా చేతిలో ఉంది కాబట్టి తీశాను.

కందిరీగల పేర్లు మాత్రం సొంతంగా పెట్టుకునే ధైర్యం ఎప్పుడూ చేయకూడదు. ఈ గుంపు మీద పనిచేసే ఒక కీటక శాస్త్రవేత్తకు ఫొటోలతో పాటు, అనుమతి తీసుకుని సేకరించిన నమూనాలు కొన్ని పంపాను. ప్రతి ఫైలులోనూ పేరు, ఆ పేరు ఎవరు చెప్పారు, ఏ తేదీన, ఫొటో చూసి చెప్పారా నమూనా చూసి చెప్పారా అన్న నాలుగూ మెటాడేటాలో, అంటే ఫైలు లోపలే దాచే వివరాల్లో ఉంటాయి. ఇది చాదస్తం అనిపించొచ్చు. అపోక్రిప్టోఫేగస్ అని రాసుకున్న నా పాత ఫైళ్లన్నీ తర్వాత సైకోఫేగా అయిపోయాయి, శాస్త్రవేత్తలు ప్రజాతులను కలిపేశారు. ఎవరు, ఎప్పుడు చెప్పిన పేరో రాసి ఉండబట్టి ఒక్క పూటలో అన్నీ సరిచేయగలిగాను.

ఈ సైకోఫేగా గురించే ఒక గొడవ చెప్పాలి. మేడి కాయ మీద వాలి, తోకలాంటి పొడవాటి సూదిని బయటి నుంచే గోడలోకి దించే కందిరీగలు కొన్నున్నాయి. సైకోఫేగా, అపోక్రిప్టా అలాంటివే. అవి కాయ లోపలికి దూరవు, పుప్పొడి మోయవు. ఒక రకంగా లోపలివాళ్ల కష్టాన్ని దోచుకునేవి. కానీ ఫొటోకి ఇవే అనుకూలం. బయట తీరిగ్గా నిలబడతాయి, సూది చూడ్డానికి భలేగా ఉంటుంది. అసలు పని చేసేదేమో లోపలికి దూరి మాయమైపోతుంది. ఫలితంగా "మేడిలో పరాగసంపర్కం చేస్తున్న కందిరీగ" అని అచ్చయ్యే ఫొటోల్లో ఈ సూది కందిరీగలే తరచుగా కనిపిస్తాయి. ఈ సిరీస్ నుంచి రెండు ఫొటోలు తీసుకున్న ఒక ప్రచురణ సంస్థ కూడా నా క్యాప్షన్ పక్కన పడేసి సరిగ్గా అదే పని చేసింది. దొంగకి పోలీసు యూనిఫాం వేసినట్టు. ఉత్తరం రాస్తే తర్వాతి ముద్రణలో చూద్దామన్నారు. అప్పటి నుంచి నా లైసెన్స్ పత్రంలో ఒక వాక్యం చేరింది: క్యాప్షన్‌లో జీవి పేరు గానీ అది చేస్తున్న పని గానీ మార్చాలంటే నా రాతపూర్వక ఒప్పుదల కావాలి. సూది కందిరీగ ఫైళ్లలో "ఇది పరాగసంపర్కం చేసేది కాదు" అన్న మాట క్యాప్షన్ మొదట్లోనే ఉంటుంది. చివర్లో పెడితే చోటు చాలదని కత్తిరించేస్తారు.

ఫొటోలు ఏమయ్యాయి

మ్యూజియం మొదట సర్వహక్కులూ అడిగింది. ఈ అడగడం మామూలే, దానికి తల ఊపేయడమూ మామూలే. నేను ఒప్పుకోలేదు. గోడ మీద వాడుకునే హక్కు గ్యాలరీ ఉన్నంతకాలం, ఇతర మ్యూజియంలకు ఇవ్వకుండా కొన్నేళ్ల గడువు, పుస్తకాలకూ పత్రికలకూ నేను ఇచ్చుకునే స్వేచ్ఛ. ఈ మూడింటి మీద రాజీ కుదిరింది. రుసుము కొంత తగ్గింది. తగ్గినా ఇదే మేలు బేరమని అప్పుడే అనుకున్నాను, తర్వాత లెక్కలు కూడా అదే చెప్పాయి.

ఎందుకంటే ఈ సిరీస్‌లో మళ్లీ మళ్లీ అమ్ముడవుతున్నవి హార్న్‌బిల్, గబ్బిలం కావు. హార్న్‌బిల్ ఫొటో కావాలంటే ప్రపంచంలో వేలమంది దగ్గర ఉంది. డిజిటల్ కెమెరాలు వచ్చాక పెద్ద జంతువుల బొమ్మలకు ఏజెన్సీలు ఇచ్చే ధర పడిపోతూ వచ్చింది. ఫిల్మ్ రోజుల్లో, వెలుతురు బాగా కావాల్సిన ఐఎస్ఓ 50 వెల్వియా ఫిల్మ్ వేసుకుని చీకటి అడవిలో పక్షిని పట్టడమే ఒక ఘనత కాబట్టి దానికో విలువ ఉండేది. ఆ కష్టం ఇప్పుడు కెమెరాయే పడుతోంది. కొనేవాళ్లు ఈ సిరీస్‌లో వెతుకుతున్నవి వేరే: కాయ కొనన తెగిన రెక్కలు, కోసిన కాయ ఐదు దశల్లో వరసగా, ఆకు అడుగుభాగం, మ్యూజియం అడగని ఆ బుడిపెలు. పాఠ్యపుస్తకాల వాళ్లు, ఫీల్డ్ గైడ్‌లు వేసేవాళ్లు, మొక్కల తెగుళ్ల మీద రాసేవాళ్లు వీటి కోసం వస్తారు. వాళ్లకు ఫొటో మరీ అందంగా ఉండక్కర్లేదు, పేరు తప్పు కాకూడదు. ఆ భరోసా ఇచ్చేవాళ్లు తక్కువమంది.

ఈ అసైన్‌మెంట్ తర్వాత నా ఆర్కైవ్ అమరిక మార్చేశాను. అంతకుముందు పక్షులు, క్షీరదాలు, కీటకాలు, మొక్కలు అని నాలుగు అరలు. ఇప్పుడు మొదటి అర మొక్క పేరు. దాని కింద ఆ మొక్క మీద తినేవి, గూడు కట్టేవి, గుడ్లు పెట్టేవి, పుప్పొడి మోసేవి. మొక్క పేరు తెలియని పాత ఫొటోలు వేరే ఫోల్డర్‌లో ఉన్నాయి. వృక్షశాస్త్రజ్ఞులకు కొన్ని కొన్నిగా పంపుతుంటే కొన్నింటికి పేర్లు దొరుకుతున్నాయి. ఆకు అడుగుభాగం తీయని వాటికి దొరకడం లేదు.

మేడి సిరీస్‌లో ఇంకా ఖాళీగా ఉన్నది ఒక్క గడి. కన్నం నుంచి ఎగిరిన ఆడ కందిరీగ ఇంకో చెట్టుకు చేరే ప్రయాణం. ఇవి చెట్ల తలల కంటే ఎత్తుకు లేచి గాలివాటున పోతాయి. నమీబియాలో మేడికి దగ్గరి చుట్టమైన ఫైకస్ సైకోమోరస్ చెట్ల మీద జరిగిన పరిశోధన 2009లో అచ్చయింది, అందులో ఒక్కో కందిరీగ 160 కిలోమీటర్ల దూరం కూడా దాటుతుందని తేలింది. రెండు మిల్లీమీటర్ల పురుగును ఆకాశంలో ఫొటో తీసే దారి నా దగ్గర లేదు. మ్యూజియం గోడ మీద ఆ చోట ఫొటోకి బదులు రెండు మేడి చెట్ల మధ్య దూరం చూపే మ్యాప్ పెట్టారు. అది క్యూరేటర్ ఆలోచన.